చివర నిలబెట్టిన పెయ్య

డ్రై ఫోర్క్, సౌత్ డకోటా
ఫిబ్రవరి 1985

ఒరేయ్ ఆర్విడ్,

కాగితం మీద మరకలు చూసి ముక్కు మూసుకోకు. ఇప్పుడే ఒక దూడని లాగి వచ్చాను. తల్లికి కాన్పు కష్టమైంది, బయట చలి ఎముకలు కొరుకుతోంది. దూడని తెచ్చి వంటింట్లో పొయ్యి పక్కన పడుకోబెట్టాను. నా కాలి మడమ నాకుతోంది, వెధవది. మీ బావ డుయేన్ నడుం ఇంకా సర్దుకోలేదు. గుర్రం మీంచి పడ్డప్పటినుంచీ మంచం మీంచే అజమాయిషీ చేస్తున్నాడు.

ఫోన్ చెయ్యొచ్చుగా అంటావు. మా ఫోను లైను మీద ఇంకో మూడు ఇళ్ళున్నాయి, ఒకళ్ళ మాటలు అందరికీ వినిపిస్తాయి. నేను రిసీవర్ ఎత్తితే చాలు, పొరుగింటి హల్డా ఆయాసం వినిపిస్తుంది. ఆవిడ చెవిన పడ్డ మాట ఆదివారం చర్చిలో పాట కంటే ముందు మొదలవుతుంది.

సంగతేమిటంటే, మీ కాలేజీలో ఒక విభాగం మూసేస్తారని ఇక్కడ గుప్పుమంది. వ్యవసాయం, నువ్వు చెప్పే చరిత్ర, సంగీతం, జర్మన్ భాష, ఈ నాలుగింట్లో ఏదో ఒకటి పోతుందట కదా. తేల్చే అయిదుగురిలో నిన్నూ వేశారని మా రోండా చెప్పింది. పోనీలే, పశువుల మధ్య పుట్టినవాడు ఒకడైనా ఆ గదిలో ఉన్నాడు అని మీ బావ పడుకునే సంతోషించాడు. మీ హాల్వర్ కాలేజీ దగ్గర్లోనే కాబట్టి పిల్ల వారం చివర ఇంటికొచ్చి నాకు ఆసరా అవుతోంది. వ్యవసాయం మూసేస్తే రాష్ట్రం అవతలి కొసకి పోవాలి. అప్పుడు చదువైనా మానాలి, మమ్మల్నైనా వదలాలి.

మీ ముందు వ్యవసాయం పిల్లల తరఫున మాట్లాడేది రోండాయే. పశువులకి వరుస కట్టే పోటీల్లో వాళ్ళ కోచ్ మాహర్ దాన్ని బాగా సానబెట్టాడు. నువ్వెప్పుడూ పుస్తకంలో తల దూర్చుకునే ఉన్నావు, నీకు ఆ పోటీ ఏం తెలుసు గనక, చెబుతా విను. నాలుగు పెయ్యల్ని చూపిస్తారు. మొదటి నుంచి చివరి దాకా వరుస కట్టాలి. తర్వాత న్యాయనిర్ణేత ముందు చేతులు వెనక్కి కట్టుకుని, కాగితం ముక్క లేకుండా, ఎందుకలా కట్టావో కారణాలు చెప్పాలి. అందులో ఒక తిరకాసు ఉంది. కిందికి దించిన పెయ్యలో ఉన్న మంచి కూడా నోరారా ఒప్పుకోవాలి. ఒప్పుకోకపోతే మార్కులు కోసేస్తారు. చూడకుండా తోసేశావని అర్థమట.

నిన్నంతా ఫ్రిజ్ ముందు నిలబడి సాధన చేసింది. ఫ్రిజ్ ఏమీ అనలేదు. నువ్వైనా బాగుందను.

మీ అక్క
వెర్నా


హాల్వర్ కాలేజీ
మార్చి

ప్రియమైన అక్కకి,

నీ ఉత్తరం అందింది. దూడ బతికిందా? బావ నడుం ఎలా ఉంది?

రోండా మాట్లాడిన రోజు సంగతి ముందు రాస్తాను. దానికంటే ముందు వచ్చినవాళ్ళంతా ఒకటే ధోరణి. సంగీతం వాళ్ళు కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. జర్మన్ చెప్పే ఆయన మిగతా మూడు విభాగాల్నీ ఉతికి ఆరేశాడు. మా చరిత్ర తరఫున వచ్చిన కుర్రవాడు పెద్ద పెద్ద మాటలు చదివాడు, అవి నేను రాసిచ్చినవే. తర్వాత రోండా వచ్చింది. బూట్ల మడమలు జోడించి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది. నాలుగు విభాగాలకీ వరుస కట్టింది. వ్యవసాయం మొదట, చరిత్ర రెండు. అలా ఎందుకు కట్టిందో చెబుతూనే మా చరిత్రలోని మంచిని ఒప్పుకుంది. “పశువుల పని ఇంటి దగ్గర నాన్నని చూసి నేర్చుకోవచ్చు. చరిత్ర మా ఇళ్ళల్లో నేర్పేవాళ్ళు లేరు. అది నేను ఒప్పుకుంటున్నాను” అంది. ఇంకా ఏదో చెప్పింది. అంత నిజాయితీగా మాట్లాడినవాళ్ళు ఆ రోజు ఇంకెవరూ లేరు.

అక్కా, అయినా వ్యవసాయమే పోయింది. వచ్చే వసంతం దాకా నడుస్తుంది, తర్వాత మూత. అయిదుగురిలో ముగ్గురు అటు, ఇద్దరు ఇటు. ఎవరు ఎటు చెప్పారో బయటపెట్టకూడదని మాట ఇచ్చుకున్నాం, కాబట్టి నన్నేమీ అడగకు. నా చేతనైంది నేను చేశాను.

ఈ మధ్య నిద్ర సరిగా పట్టడంలేదు. ఎండ కాస్తే సర్దుకుంటుంది.

నీ తమ్ముడు
ఆర్విడ్


డ్రై ఫోర్క్
ఏప్రిల్

ఒరేయ్ తమ్ముడూ,

దూడ బతికింది. నీ పేరే పెట్టాం. ఎందుకో తెలుసా? వద్దన్న చోటికల్లా పోయి నిలబడుతుంది.

ఊరంతా మండిపోతోంది. దాణా కొట్టు దగ్గర మీ కాలేజీ అధ్యక్షుడి పేరెత్తితే ఉమ్మేస్తున్నారు. కానీ నిన్ను మాత్రం ఒక్క మాట అననివ్వటంలేదు ఎవరూ. ఇద్దరు ఇటు అన్నావుగా. ఆ ఇద్దరిలో ఒకడు మన ఆర్విడేనని ఎవరూ ఎవరికీ చెప్పకుండానే అందరికీ తెలిసిపోయింది. చర్చి కింద గదిలో కాఫీ తాగేటప్పుడు పాస్టర్ లేచి, “పరాయి గదిలో కూర్చుని మనవాళ్ళ కోసం నిలబడ్డ మనిషి” అని నీ పేరు చెప్పాడు. హల్డా కళ్ళు తుడుచుకుంది. లైనులో మన మాటలు వినే హల్డా! నేనూ కాస్త మెడ నిక్కించానని ఒప్పుకుంటాను. చిన్నప్పుడు పేడ తట్ట ఎత్తమంటే గడ్డివాములో దాక్కునేవాడివని వాళ్ళకి చెప్పలేదులే.

పక్క ఊరి లారీలో ఒక మంచి మాంసం ముక్కా, రెండు సీసాల చోక్‌చెర్రీ పళ్ళ జెల్లీ పంపించాను. తిను. ఈ నెలాఖరుకి పోటీ జట్టుకి విందు చేస్తున్నారు, నువ్వు తప్పకుండా రావాలట.

ఇక అసలు బాధ. రోండా సరిగా లేదు. మూసివేత సంగతి చెబుతూ కాలేజీ వాళ్ళు విభాగం తలుపుకి ఒక ప్రకటన అంటించారట. అందులో, “ఈ పని ఇంటి దగ్గర నేర్చుకోవచ్చని విద్యార్థులే ఒప్పుకున్నారు” అని ఉందట. అది చదివినప్పటినుంచీ పిల్ల నోరు పడిపోయినట్టయింది. “నా నోటితో నేనే మూయించానమ్మా” అంటుంది. నోరు మంచిదైతే ఊరు మంచిదని దానికి చెప్పి పెంచాను. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని చెప్పను? జట్టు టోపీ తీసి కోచ్ బల్ల మీద పెట్టి వచ్చేసింది.

నువ్వు ఆ గదిలో ఉన్నావు. అది దాని తప్పు కాదని రెండు ముక్కలు రాయి. నేను చెబితే తల్లి కాబట్టి చెప్పానంటుంది. నువ్వు చెబితే వింటుంది.

వెర్నా


హాల్వర్ కాలేజీ
మే

ప్రియమైన అక్కకి,

మాంసం అందింది. చాలా మంచి ముక్క. ఇక్కడ ఒక్కడినే వండుకోవడం కష్టమని పక్కింటి వాళ్ళకి ఇచ్చాను. నువ్వేమీ అనుకోవని తెలుసు. జెల్లీ అలాగే ఉంచాను.

విందుకి రాలేకపోయాను. పరీక్షల కాగితాలు దిద్దాల్సినవి గుట్టలుగా ఉన్నాయి. ఊళ్ళో వాళ్ళు నా గురించి అంత దూరం మాట్లాడుకోనక్కర్లేదు. వీలైతే ఆపించు. ఒక గదిలో ఒక మనిషి ఏం చేశాడనేది బయటివాళ్ళు అనుకున్నంత తేలికగా ఉండదు.

ఇక్కడ వాన పడలేదు. గాలి మాత్రం ఆగటంలేదు. వచ్చే వసంతం దాకా ఆగకుండా కాలేజీ గొర్రెల్ని అప్పుడే అమ్మేశారు, నిన్న తోలుకుపోయారు. మాహర్ గేటు దగ్గర నిలబడి ఒక్కోదాన్నీ పేరు పెట్టి పిలిచి పంపించాడు. నన్ను చూసి వచ్చి, రెండు చేతులతో నా చెయ్యి పట్టుకుని, “నువ్వు మా కోసం ఎంత కష్టపడ్డావో నాకు తెలుసు” అన్నాడు. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. ఆయన గట్టిగా పట్టుకున్నాడు, వెంటనే లాక్కోలేకపోయాను.

రోండాకి చెప్పు, ఏ ఒక్కరి మాటతోనూ ఇలాంటివి తేలవు. ఎన్నో కారణాలుంటాయి. దానికి పట్టుదల ఉంది, అదే సర్దుకుంటుంది. బావ నడుం సంగతి రాయి. నీకు కూడా విశ్రాంతి కావాలి.

ఆర్విడ్


డ్రై ఫోర్క్
సెప్టెంబరు

ఆర్విడ్,

నాలుగు నెలలు చూశాను, నువ్వే రాస్తావేమోనని. నిన్ను నేను అడిగింది ఒకటి. నువ్వు రాసింది గాలీ వానా. పైగా దానికి ఒక్క ముక్క నేరుగా రాయకుండా, “రోండాకి చెప్పు” అని నాకు పురమాయించావు. నేనేం తపాలా బంట్రోతునా?

ఎండాకాలం అంతా పిల్ల మాటా పలుకూ లేకుండా కంచెలు బాగుచేసింది. ఆగస్టులో మన కౌంటీ పశువుల సంత పోటీలో చిన్నపిల్లలు పెంచిన పెయ్యలకి వరుస కట్టమని దాన్నే పిలిచారు. ఏడుస్తూనే ఒప్పుకుంది. వరుస సరిగ్గానే కట్టింది, మీ బావ కర్ర పట్టుకుని నిలబడి చూసి అవునన్నాడు. తర్వాత కారణాలు చెప్పాలి కదా. మైకు చేతిలో పట్టుకుని నిలబడింది. చివర నిలబడ్డ పెయ్య ఓ చిన్న పిల్లది, జడలకి ఎర్ర రిబ్బన్లు. తన పెయ్యలో ఉన్న మంచి ఏం చెబుతుందా అని తలెత్తి దీని మొహంలోకే చూస్తోంది. రోండా నోరు తెరిచింది, మూసింది. మైకు నా చేతిలో పెట్టి పోయింది. ఆ చిన్నపిల్ల పెయ్యని తోలుకుని, ఒక్క మంచి మాటా లేకుండా బయటికి నడిచింది. నేను ఎన్నో చావులు చూశాను గానీ, నాకు ఆ రోజు ఏడుపొచ్చింది.

ఆ సాయంత్రం పికప్ బండిలో కూర్చుని రోండాని గట్టిగా అడిగాను, అసలు ఆ రోజు నువ్వేం మాట్లాడావే, మొత్తం చెప్పు అని. ఫ్రిజ్ ముందు చెప్పినట్టు అక్షరం పొల్లుపోకుండా చెప్పింది. ఇంటి దగ్గర నేర్చుకోవచ్చని ఒప్పుకున్న తర్వాత ఇలా అందట: “కానీ ఇంట్లో నేర్పేది ఇంట్లో వాళ్ళ తప్పులతో సహా నేర్పుతారు. మా తాత గడ్డి మళ్ళీ మొలవకుండా నేలని గొరిగినట్టు మేపేవాడు. నాన్నా అలాగే మేపాడు. నేనూ అదే చేసేదాన్ని. అది తప్పని నాకు చెప్పినవాళ్ళు ఈ కాలేజీలోనే ఉన్నారు. అందుకే వ్యవసాయాన్ని మొదట నిలబెట్టాను.” పక్కనే ఉన్న మీ బావ విని, “నిజమే, నేను అలాగే మేపాను” అన్నాడు.

ఇప్పుడు నీ మార్చి ఉత్తరం తీసి చదువుకున్నాను. అందులో మొదటి సగమే ఉంది. తర్వాత ఇంకా ఏదో చెప్పింది అని రాశావు. ప్రకటనలో ఉన్నదీ ఆ మొదటి సగమే. నాకు చదువు తక్కువ, కానీ ఒక తాడు రెండు చోట్ల ఒకేలా తెగితే కత్తి ఒకటేనని తెలుసు.

మాట ఇచ్చుకున్నాం అనకు. ఎవరు ఎటు చెప్పారో నాకు అక్కర్లేదు. నా కూతురి మాటని సగానికి కోసింది ఎవరు? అదొక్కటి చెప్పు. నవంబరులో లూయివిల్‌లో జట్టుకి ఆఖరి పోటీ. మాహర్ దాని చోటు ఇంకా ఎవరికీ ఇవ్వలేదు.

వెర్నా


హాల్వర్ కాలేజీ
అక్టోబరు

అక్కా,

నేనే.

ఈ ఒక్క ముక్క రాయడానికి ఇన్నాళ్ళు పట్టింది. ఇంకా రాయకుండా ఉండేవాడినేమో, నువ్వు అలా అడగకపోతే.

ఆ గదిలో ఏం జరిగిందో చెబుతాను. సంగీతం, జర్మన్ ఉండనిద్దామని తేలింది. చివరికి మిగిలినవి వ్యవసాయం, చరిత్ర. ఇద్దరు అటు, ఇద్దరు ఇటు అయ్యారు. అందరూ నా వైపు చూశారు. నువ్వు పశువుల మధ్య పెరిగినవాడివి, నీకు రెండూ తెలుసు, నువ్వే చెప్పు అన్నాడు అధ్యక్షుడు. చరిత్ర పోతే నేను పోతానని ఆ గదిలో అందరికీ తెలుసు. అయినా నేను న్యాయం చెబుతానని నమ్మారు. అదీ అసలు సిగ్గు.

భయపడ్డాను అక్కా. ఈ వయసులో నన్ను ఇంకో కాలేజీ పిలవదు. మళ్ళీ ఆ దొడ్లోకి వచ్చి, ఆ చలిలో, ఆ పేడలో, చిన్నప్పుడు దేన్నుంచి పారిపోయానో దాంట్లోనే చావాలా అనిపించింది. అప్పుడు రోండా మాట గుర్తొచ్చింది. “నేనెందుకు చెప్పడం, వ్యవసాయం తరఫున వచ్చిన అమ్మాయే ఒప్పుకుంది, ఇంటి దగ్గర నేర్చుకోవచ్చని” అన్నాను. నా మేనకోడలి నోటిని అడ్డం పెట్టుకున్నాను. దాని తర్వాతి మాటలు నాకు గుర్తున్నాయి, ప్రతి అక్షరం గుర్తుంది. అక్కడే ఆపేశాను. అధ్యక్షుడు ఆ వాక్యం బాగుందని రాసుకున్నాడు. తలుపు మీద అంటించింది అదే.

పోటీలో కిందివాటి మంచిని ఒప్పుకుంటే మార్కులు. మా గదిలో ఒప్పుకున్నవాళ్ళ పని అయిపోయినట్టే. రోండాకి ఈ సంగతి తెలియదు. నాకు తెలుసు, ముందే చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు.

ఆ తర్వాత మీరంతా నన్ను పొగడటం మొదలుపెట్టారు. కక్కలేక మింగలేక కూర్చున్నాను. నువ్వు పంపిన మాంసం ముద్ద గొంతు దిగదని పక్కింటికిచ్చాను. మాహర్ చెయ్యి పట్టుకున్నప్పుడు చెబుదామనుకున్నాను, గొర్రెలు వెళ్ళిపోతున్నాయి కదా, ఇప్పుడెందుకులే అని ఊరుకున్నాను. రోండా తనని తాను తినేస్తోందని నువ్వు ఏప్రిల్‌లోనే రాశావు. అయినా నా పేరు నిలబెట్టుకోవడానికి దాన్ని అలా వదిలేశాను. మొదటి తప్పు భయంతో చేశాను. ఈ రెండోదానికి ఆ సాకు కూడా లేదు.

ఈ ఉత్తరం రోండాకి చూపించు. క్షమించమని అడగను. అడిగితే అది నాలో ఏదో మంచి వెతికి ఒప్పుకోవాలని చూస్తుంది, దాని బుద్ధి అలాంటిది.

ఆర్విడ్


డ్రై ఫోర్క్
అక్టోబరు చివర

ఆర్విడ్,

నీ ఉత్తరం చదివి రొట్టెల డబ్బా కింద పెట్టాను. చూపించకూడదనుకున్నాను. నిన్ను కాపాడాలని కాదు, దాని మనసు ఇంకా విరుగుతుందని. మీ బావే అన్నాడు, “అది మోస్తున్న బరువు దానిది కాదు. ఎవరిదో వాడికే దించనీ” అని. రోజంతా పశువుల మీద అరుస్తూ తిరిగి, సాయంత్రం ఇచ్చాను.

నిలబడే చదివింది. చదివి దొడ్లోకి పోయింది. చాలాసేపటికి బురద బూట్లతోనే వంటింట్లోకి వచ్చింది. నా వంటింట్లోకి బూట్లతో వచ్చిన మనిషి ఇంతవరకూ లేడు. ఆ రోజు మాత్రం రానిచ్చాను. మడమలు జోడించి, చేతులు వెనక్కి కట్టుకుని ఫ్రిజ్ ముందు నిలబడింది. సంత తర్వాత మొదటిసారి. అది అన్నది అన్నట్టుగా రాస్తున్నాను, నీలాగా కొయ్యటంలేదు.

“ఈ వరుసలో కోచ్ మాహర్ మొదట, అమ్మ రెండు, నేను మూడు, మామయ్య నాలుగు” అంది. నేను రెండెందుకే అన్నాను. నాలుగు నెలలు ఊరుకున్నందుకట. సరే అన్నాను, ఏమంటాను.

“నేను మూడు ఎందుకంటే, నా మాట నేను మరిచిపోయాను. తలుపు మీద సగమే ఉందని చూసి కూడా, మిగతా సగం నేను అన్నానని గట్టిగా చెప్పలేదు.

“మామయ్యని చివర నిలబెడుతున్నాను. ఆయనలోని మంచి ఒప్పుకుంటాను. నాకు చదవడం నేర్పింది ఆయనే. మంచు తుఫానులో నాన్నని ఆసుపత్రికి తీసుకుపోయింది ఆయనే. ఈ ఉత్తరంలో అబద్ధం లేదు. ఇంకొకటి కూడా ఒప్పుకుంటాను. ఆ గదిలో నా మాట ప్రతి అక్షరం విన్నది మామయ్య ఒక్కడే. కానీ విని కోశాడు. వినకుండా కోసినవాళ్ళయితే ఇంకా పైన ఉండేవాళ్ళు. అందుకే చివర.”

చెప్పి కుర్చీలో కూలబడి, ఇన్నాళ్ళ ఏడుపూ ఏడ్చింది. తర్వాత రెండు కంచాలు తింది. పొద్దున్నే మాహర్ దగ్గరికి పోయి టోపీ తెచ్చుకుంది. అంతకంటే ముందు ఆ ఎర్ర రిబ్బన్ల పిల్ల ఇంటికి పోయి, దొడ్లో ఆ పెయ్య పక్కన నిలబడి, చెప్పాల్సిన మంచి చెప్పి వచ్చిందట. వచ్చే వారం లూయివిల్ వెళుతోంది.

నా సంగతి వేరు. నేను పోటీలకి పోలేదు, ఒప్పుకోవడం నేర్చుకోలేదు. నీలో మంచి ఏదో వెతకమంటే ఈ రోజుకి నాకు ఒక్కటీ కనిపించటంలేదు. నా తమ్ముడివి, అంతే. అది మంచో చెడో తర్వాత చూద్దాం.

డిసెంబరు మొదటి ఆదివారం, చర్చి కింద గదిలో జట్టుకి ఆఖరి విందు. నీకు ఇవ్వాలని మన ఊరివాళ్ళు ఒక చెక్క పలక చెక్కించారు, దాని మీద నీ పేరు ఉంది. పాస్టర్ నిన్ను పొగడటానికి అప్పుడే మాటలు కూర్చుకుంటున్నాడు. వాళ్ళకి నేనేమీ చెప్పలేదు, హల్డాకి కూడా. చెప్పను కూడా. నువ్వే వస్తావు. చేతులు వెనక్కి కట్టుకుని, కాగితం లేకుండా నిలబడి చెబుతావు. నాకు రాసినట్టు నీ సంగతితో కాదు, రోండా ఆ రోజు అన్నదానితో మొదలుపెట్టి, నువ్వు కోసిన సగంతో సహా.

మంచు పడితే పాత రోడ్డున రా, దాని మీద మంచు ముందు తీసేస్తారు. రోండా ముందు వరసలో కూర్చుంటుందట. నువ్వు ఏం చెప్పినా చివరిదాకా వింటానంది.

వెర్నా